వోటునకు చాటు

2024 మే నెల మొదటి వారములో మా ఇంటికి వోటు వచ్చినది. వోటు ఉన్నచోటికి మనము పోవుటయే గాని, వోటు మన గడప తొక్కుట మా వీథివారెవరును అంతకు ముందు ఎఱుగరు. మా అమ్మకు అప్పటికి 88 ఏండ్లు. మోకాళ్లు పట్టివేసి, మంచము దిగి వసారా వఱకు వచ్చుటయే గగనముగా నున్నది. 85 ఏండ్లు దాటినవారు ఇంటినుండియే వోటు వేయవచ్చునని ఆ సంవత్సరము మార్చిలో సవరించిన నియమము ప్రకారము 12-డి అను ఫారము నింపి ఇచ్చితిమి. అంతకు ముందు ఆ హద్దు 80 ఏండ్లుగా నుండెను. చెప్పిన దినమున ఇద్దఱు పోలింగు ఉద్యోగులు, ఒక పోలీసు, వీడియో తీయు కుఱ్ఱవాడొకడు వచ్చిరి. కాగితములు రెండు: ఒకటి శాసనసభకు, ఒకటి లోకసభకు.

వచ్చిన అధికారి మర్యాదస్తుడు. అట్టతో చేసిన మూడు పలకల తెరను పీటపై నిలిపి, పీటను మంచముపై నుంచి, “అమ్మగారు వోటు వేసేదాకా అందరూ కొంచెం బయట ఉండాలండీ” అని చెప్పెను. మేము గడప దాటితిమి. కాని గడప దాటుట ఎంత దూరము? నేను, నా భార్య, తమ్ముడు, వాని పిల్లలు, చోద్యము చూడవచ్చిన పొరుగింటివారు ఇద్దఱు, అందఱము గుమ్మములోనే నిలిచితిమి. మా అమ్మ పెన్ను చేతబట్టి కాగితమువైపు కొంతసేపు చూచి, తల యెత్తి, “ఒరేయ్ పెద్దాడా, ఎక్కడ పెట్టమంటావురా?” అని అడిగినది. “నీ ఇష్టం అమ్మా” అంటిని. “నా ఇష్టమే అయితే మీరంతా గుమ్మంలో ఎందుకు నిలబడ్డారు?” అన్నది. అందఱము నవ్వితిమి. నవ్వితిమే గాని కదలినవారు లేరు.

పత్రములను మడిచి లోపలి కవరులలో నుంచి, ప్రమాణపత్రము జతచేసి, వెలుపలి కవరులలో నుంచి, అంటించి అధికారులు తీసికొనిపోయిరి. చట్టము చెప్పినదంతయు జరిగినది. తప్పు పట్టుటకు ఎవరికిని ఏమియు లేదు. ఆ రాత్రి మాత్రము మా అమ్మ, “బడికి తీసుకెళ్లి ఉంటే బాగుండేదిరా” అని, 1957 నాటి సంగతి చెప్పినది.

అప్పటికి ఆమెకు ఇరువదియొక్క ఏండ్లు. వోటుహక్కునకు ఆ కాలమున అదియే వయస్సు. కాపురమునకు వచ్చి రెండేండ్లు. ఇంటిలో నున్నవారందఱు ఏ పెట్టెలో వేయవలెనో మా తాతగారు ముందుగనే నిర్ణయించి, రెండు బండ్లు కట్టించి, ఆడవారినందఱిని ఒక బండిలో పంపిరి. ‘ఏ పెట్టె’ అనుటలో పొరపాటు లేదు. మొదటి రెండు సార్వత్రిక ఎన్నికలలోను కాగితముపై గుర్తు పెట్టు పద్ధతి మనకు లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెపై అతని గుర్తు. వోటరు తెర వెనుకకు పోయి తనకు నచ్చిన పెట్టెలో కాగితము విడువవలెను. ఆ తెర వెనుక మా అమ్మ అర నిమిషము నిలిచినది. “కాపురానికొచ్చాక నేను ఒక్కదాన్నే ఉన్న చోటు అదేరా. వంటింట్లో అత్తగారు, వసారాలో మామగారు, గదిలో మీ నాన్న. అక్కడ మాత్రం నేనూ, పెట్టెలూను” అని చెప్పినది. ఆ కాగితము మామగారు చెప్పిన పెట్టెలో పడినదో, వేఱొక పెట్టెలో పడినదో మా నాన్నగారికి చివరివఱకు తెలియదు. నాకును తెలియదు. ఆ రాత్రి అడిగి చూచితిని. “చెప్పేదైతే తెర ఎందుకురా?” అన్నది.

తపాలా వోటును గూర్చియు, స్వయముగా పోయి వేయు వోటును గూర్చియు దేశదేశములలో ఇటీవల జరుగుచున్న వాదమంతయు, నేను చదివినంతవఱకు, సౌకర్యము, మోసము అను రెండు మాటల చుట్టును తిరుగుచున్నది. కాగితము ఇంటికే వచ్చుటకంటె హాయి యేమున్నదని యొకరు. ఇంటికి వచ్చిన కాగితము ఎవని చేతికి పోవునో యని మఱియొకరు. రెండును త్రోసిపుచ్చదగిన మాటలు కావు. కాని ఈ రెండింటికిని అడుగున మా అమ్మ చెప్పిన అర నిమిషమొకటి కలదు. దానిని గూర్చి మాటాడువారు తక్కువ.

మనము ఇంటిని ఏకాంతమైన చోటనియు, పోలింగు కేంద్రమును నలుగురు గూడు చోటనియు అనుకొందుము. వోటు విషయమున ఇది తలక్రిందులు. బడిలో, వందమంది వరుసలో నిలిచి చూచుచుండగా, ఏజెంట్లు పేరు బిగ్గఱగా చదివించుకొనుచుండగా, వ్రేలిపై సిరా పడిన తరువాత, మనిషి ఆ మూడు పలకల అట్ట వెనుకకు ఒంటరిగా పోవలెను. భర్తయైనను, యజమానియైనను, కులపెద్దయైనను ఆ అట్ట ఇవతల నాగవలసినదే. చూపు లేనివారికి, అశక్తులకు తోడు పోవుటకు తప్ప రెండవ మనిషికి అచట స్థానము లేదు. ఇంటిలోనో? ఇంటిలో అట్టి అట్ట యెవరు నిలుపుదురు? కోడలు గది తలుపు మూసికొని వోటు వేసికొనుటకు వీలున్న ఇండ్లు మన దేశములో ఎన్ని? తలుపు మూయుటయే ఒక జవాబైపోవును గదా!

రహస్యముగా వోటు వేయుట ఆదినుండి వచ్చిన ఆచారము గాదు. ఇంగ్లండులో 1872 వఱకు వోటరు వేదిక యెక్కి, అభ్యర్థి పేరు బహిరంగముగా చెప్పవలసి యుండెడిది. ఎవరు ఎవరికి వేసినదియు పుస్తకములలో వ్రాయబడెడిది, పలుచోట్ల అచ్చు కూడ పడెడిది. భూస్వామి తన రైతుల వోట్లను తన మందను లెక్కించుకొనినట్లు లెక్కించుకొనెడివాడు. 1838 నాటి చార్టిస్టుల ఆఱు కోరికలలో రహస్య బ్యాలెట్టు ఒకటి. అది మొదట ఫలించినది ఇంగ్లండులో గాదు. 1856లో ఆస్ట్రేలియా ఖండమందలి విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాజ్యములలో. ఇంగ్లండు మఱి పదునాఱేండ్లకు గాని మేలుకొనలేదు. స్వాతంత్ర్యమును గూర్చి అంత గొప్ప గ్రంథము వ్రాసిన జాన్ స్టూవర్టు మిల్లు సైతము రహస్య బ్యాలెట్టును వ్యతిరేకించెను! వోటు స్వంత సొత్తు గాదు, లోకుల తరఫున చేతబట్టిన ధర్మకర్తృత్వము, దానిని లోకుల కన్నుల ముందే నెఱవేర్పవలెనని అతని వాదము. వినుటకు ఉదాత్తముగా నున్నది. అట్లు లోకుల కన్నుల ముందు వోటు వేసి, మఱునాడు కౌలు భూమి పోగొట్టుకొని రోడ్డున పడినవానికి ఆ యుదాత్తత ఏపాటి అక్కఱకు వచ్చెడిదో అతడు చెప్పలేదు.

రహస్యమనునది వోటరునకు ఇచ్చిన వరము మాత్రమే గాదు, అతనిపై నుంచిన కట్టడి కూడను. వలదన్నను అతడు రహస్యముగానే వేయవలెను. ఏలయన, చూపగలవానిని చూపుమని అడుగవచ్చును. చూపలేనివానిని ఎవరేమి చేయగలరు? వోటు కొనువాడు సరకు కంటబడకుండ రొక్కము చెల్లించువాడైనాడు. మన జిల్లాలలో ఎన్నికల ముందు రాత్రి నోట్లు పంచి, తెల్లవారిన తరువాత ఓడిపోయి, “తిన్నవాళ్లంతా ముంచారు” అని ఏడ్చువారిని మనమెందఱిని చూడలేదు? వారిని ముంచినది ఆ అట్టయే. అది యొక్కటియు లేనిచో డబ్బునకు ఎదురు నిలువగల దేమియు మన ఎన్నికలలో మిగులదు.

ఇక తపాలా వోటు. ఈ విషయమున నాకు స్వానుభవము కొంత కలదు. ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిని; ఎన్నికల విధులకు పలుమార్లు పోయితిని. ఆ పనిలో నున్నవాడు పోలింగునాడు తన ఊరిలో ఉండడు గనుక అతనికి తపాలా పత్రము ఇత్తురు. నా కాలములో దానిని ఇంటికి తెచ్చుకొనవచ్చును. ఓట్ల లెక్కింపు మొదలగు ఘడియకు లోపల రిటర్నింగు అధికారికి చేరిన చాలును. ఒకమాఱు ఆ కవరు మా బీరువాలో పది దినములుండెను. ఆ పది దినములును అది యింటిలో నున్నట్లు ఊరివారికి తెలియును. ఒక సాయంకాలము నాకు బాగుగా పరిచయమున్న పెద్దమనిషి వచ్చి, కాఫీ త్రాగి, బదిలీల సంగతి కొంత మాటాడి, “మాష్టారూ, మీ కవరు అంటించేశారా?” అని అడిగెను. “అంటించేశానండీ” అని అబద్ధమాడితిని. అంటించలేదని చెప్పియుండినచో, “ఏదీ, ఒకసారి చూద్దాం” అనెడివాడే. అట్లు చూపినవారును, సంతకము చేసిన ప్రమాణపత్రముతో పాటు తెల్ల బ్యాలెట్టును ఇచ్చివేసినవారును నా సహోద్యోగులలో నుండిరని తరువాత వారే చెప్పుకొనిరి. వారు చెడ్డవారు గారు. ఆడపిల్లల చదువులు, దూరపు ఊరికి బదిలీ యగునను భయము, అంతే. పోలింగు కేంద్రములో నైనచో వారిలో ఒక్కరిని గూడ ఆ పెద్దమనిషి కదల్పలేకపోయెడివాడు.

ఈ సంగతి ప్రభుత్వమునకు తెలియకపోలేదు. తపాలా పత్రము ఉద్యోగుల చేతిలో బహుదినములుండుట వలన ఒత్తిడికి చోటు కలుగుచున్నదని ఎన్నికల సంఘము 2022లో చెప్పగా, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములను 2023 ఆగస్టులో సవరించిరి. ఇప్పుడు ఎన్నికల విధులలోని ఉద్యోగి ఫెసిలిటేషన్ సెంటరుకు పోయి, పత్రము తీసికొని, అచటనే అట్ట చాటున గుర్తు పెట్టి, అచటి పెట్టెలోనే వేసి రావలెను. పేరు మాత్రము తపాలా వోటు. అందులో తపాలా లేదు, బంట్రోతు లేడు. తిరిగి తిరిగి మనము మరల ఆ మూడు పలకల అట్ట దగ్గఱకే చేరితిమి. ఇన్నేండ్ల యనుభవము నేర్పిన పాఠము పత్రికలలో నాలుగు పంక్తుల వార్తగా వచ్చి పోయినది. నాకు మాత్రము ఇటీవలి ఎన్నికల సంస్కరణలలో ఇంతకు మించినది కనబడదు.

ఇతర దేశముల సంగతి యొకింత చూతము. బ్రిటనులో ఈ శతాబ్ది ప్రారంభమున కారణము చెప్పనక్కఱలేకుండ కోరినవారికెల్ల తపాలా వోటు నిచ్చిరి. 2004 స్థానిక ఎన్నికలలో బర్మింగుహాము నగరమందలి రెండు వార్డులలో తపాలా పత్రములతో జరిగిన మోసము ఎంత విరివిగా నుండెననగా, మఱుసటి సంవత్సరము న్యాయమూర్తి ఆ ఫలితములను రద్దుచేయుచు కఠోరమైన మాటలే వ్రాసెను. అమెరికాలో నార్త్ కరోలినా 9వ కాంగ్రెసు నియోజకవర్గమున 2018లో గెలుపు 905 ఓట్ల తేడాతో కనబడినది; ఒక అభ్యర్థి తరఫువారు ఇల్లిల్లు తిరిగి తపాలా పత్రములను పోగుచేసిరని తేలినందున ఆ ఎన్నికను త్రోసివేసి మరల జరిపిరి. ఫ్రాన్సు 1975లోనే తపాలా వోటునకు స్వస్తి చెప్పినది. ఇంటనుండు వోటరు తన తరఫున వేఱొకనిని పంపుటకు మాత్రము అచట అనుమతి యున్నది. అది దీనికంటె మేలో కీడో వారే చెప్పవలెను.

ఐతే వేఱొక ప్రక్కయు నున్నది. జర్మనీ 1957 నుండి తపాలా వోటును నడుపుచున్నది. 2021 ఎన్నికలలో నూటికి 47 మంది అట్లే వేసిరి. అచటి ప్రజాస్వామ్యము కూలిపోలేదు. స్విట్జర్లాండులో ఇంచుమించు అందఱిదియు తపాలా వోటే. ఓరెగాన్ రాష్ట్రమువారు 1998లో తామే వోటు వేసి, ఇకమీదట ఎన్నికలన్నియు తపాలా మూలముననే జరుగవలెనని నిర్ణయించుకొనిరి. 2020లో అమెరికా వోటర్లలో నూటికి 43 మంది తపాలా మార్గమునే పట్టిరి. ఓడిన పక్షమువారు మోసము మోసమని పెట్టిన కేకలకు అంతులేదు. వేసిన దావాలు అరువదికి పైబడినవి. న్యాయస్థానములలో ఫలితమును మార్చగలిగినది ఒక్కటియు లేదు. కావున తపాలా వోటనగానే దొంగవోటని వాదించువారితో నాకు పొత్తు లేదు. దొంగ దొరకును. సంతకము సరిపోల్చి, కవరు వెంట పోయి, పట్టుకొనవచ్చును. నార్త్ కరోలినాలో పట్టుకొనిరి. దొరకనిది మా యింటి గుమ్మము. అచట దొంగతనము లేదు, దొంగ లేడు, సంతకము నిజమైనది, గుర్తు పెట్టిన చేయి నిజమైనది. ఆ గుర్తు ఎవరిదో మాత్రము ఏ న్యాయస్థానమును తేల్చలేదు.

అమెరికావారికి తపాలా అవసరమైన కారణము వేఱు. అచట ఎన్నిక మంగళవారము నాడు. ఆ దినము దేశమంతటికిని సెలవు గాదు. గంటకూలిపై బ్రతుకువాడు పని మాని గంటల తరబడి వరుసలో నిలిచినచో ఆ పూట కూలి పోయినట్లే. మనకు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము పోలింగునాడు జీతముతో కూడిన సెలవు నిప్పించుచున్నది. రెండు కిలోమీటర్లకు మించి వోటరు నడువరాదను నియమముతో 2024లో దేశమంతట పది లక్షలకు పైగా పోలింగు కేంద్రములు పెట్టిరి. గుజరాతులోని గిర్ అడవిలో ఒక్క వోటరు కొఱకు ఒక కేంద్రము. అరుణాచల ప్రదేశమందలి మాలోగాంలో ఒక్క స్త్రీ కొఱకు ఉద్యోగులు యంత్రమును మోసికొని కొండలెక్కి పోయిరి. వారి రోగమునకు వారు కనుగొన్న మందును మన వైద్యులు కొందఱు మనకు పోయజూచుట నాకు నచ్చదు.

స్విట్జర్లాండు విషయమున ఇంకొక చిన్న సంగతి. తపాలా వోటు వచ్చిన పిదప వోటు వేయువారి సంఖ్య ఎంత పెరిగినదో లెక్కించిన పాట్రీషియా ఫుంక్ అను ఆర్థికశాస్త్రజ్ఞురాలు 2010లో ఒక వ్యాసము ప్రకటించినది. అనుకొనినంత పెరుగుదల కనబడలేదట. పైగా చిన్న ఊళ్లున్న ప్రాంతములలో తగ్గినదట! ఊరిలో నలుగురు చూచుచుండగా నడచిపోవలసి వచ్చినప్పుడు పోయినవారే, చూచువారు లేనప్పుడు కవరును బల్లపై వదలివేసిరని ఆమె యూహ. వోటు వేసినామా లేదా యనునది నలుగురికి తెలియవలెను, ఎవరికి వేసితిమో ఎవరికిని తెలియరాదు. సిరా చుక్కయు అట్టతెరయు కలిసి ఈ రెండు పనులను ఎంత సులువుగా చేయుచున్నవో చూడుడు. తపాలా ఈ రెండింటిని తాఱుమాఱు చేయును.

ఇంతమాత్రమున తపాలా వోటు వలదనుట అన్యాయము. సరిహద్దున కావలి కాయు సిపాయి తన ఊరి బడికి రాగలడా? 2014లో సైనికాది సర్వీసు వోటర్లలో తిరిగివచ్చిన పత్రములు నూటికి నాలుగు మాత్రమే. పత్రము కొండకోనలు దాటి పోయి మరల రావలెను. అంతలో లెక్కింపు ముగియును. 2016లో నియమములు సవరించి, పత్రమును విద్యుత్తంత్రుల మీదుగా పంపి, సిపాయి దానిని అచ్చుతీసి గుర్తు పెట్టి తపాలాలో త్రిప్పిపంపు ఏర్పాటు చేసిరి. 2019 నాటికి నూటికి అరువది వచ్చినవి. పది లక్షలకు మించిన మనుష్యులు తమ గణతంత్రములో మరల లెక్కకు వచ్చిరి. దీనిని కాదనుటకు నోరెట్లు వచ్చును?

హిమాచలములోని కిన్నౌర్ జిల్లా కల్పా గ్రామమున శ్యాం శరణ్ నేగీ యను బడిపంతులుండెను. మంచు పడకముందే ముగియవలెనని అచట మొదటి సార్వత్రిక ఎన్నికను అందఱికంటె ముందుగా, 1951 అక్టోబరులో జరిపిరి. ఆ దినమున వోటు వేసి స్వతంత్ర భారతపు తొలి వోటరని పేరు పొందిన యాతడు ఏడు దశాబ్దములు పోలింగు కేంద్రమునకు పోవుచునే యుండెను. 2022 నవంబరు 2న, నూఱేండ్లు దాటిన వయసులో, మొదటిసారిగా ఇంటినుండి తపాలా వోటు వేసెను. ఆ నెల 5వ తేదీన కన్నుమూసెను. ఆ వోటు ఇంటినుండి వేయనీయకుండుట న్యాయమని ఎవరనగలరు?

అశక్తునకు తపాలా ఉండవలెను. శక్తి యున్నవానికి సౌకర్యము కొఱకు తపాలా నిచ్చుట వేఱు. ఈ రెండింటి నడుమ నున్న గీతను 80 ఏండ్లనుండి 85 ఏండ్లకు జరిపినప్పుడు మా బంధువులలో కొందఱు వృద్ధులకు అపకారము జరిగినదని గొణిగిరి. నాకట్లు తోచలేదు. నడువగలిగిన పెద్దవారిని నడువనిచ్చుటయే మర్యాద.

తపాలా వోటునకు ఇంకొక కష్టము కలదు. యంత్రముపై మీట నొక్కినవాడు అద్దము వెనుక ఏడు సెకండ్లు తన చీటీని చూచును. పడినదని తెలిసికొని ఇంటికి పోవును. కవరు పంపినవానికి అది లెక్కకు వచ్చినదో, మూలకు పోయినదో తెలియదు. వెలుపలి కవరులో ప్రమాణపత్రము లేకున్నను, దానిపై సంఖ్య లోపలి కవరు సంఖ్యతో సరిపోకున్నను, లోపలి కవరు విప్పకయే త్రోసివేయుదురు. 2020 బీహారు ఎన్నికలలో హిల్సా నియోజకవర్గమున గెలుపోటములకు తేడా 12 ఓట్లు. త్రోసివేసిన తపాలా పత్రములు 182. చదువు చెప్పువారు, లెక్కలు వ్రాయువారు పెట్టిన కవరులే ఇట్లు పోవుచుండగా, చదువు లేనివాని కవరు గతి యేమి? మన రాష్ట్రములో 2024లో పోలైన ఓట్లు నూటికి 81.86, అందులో తపాలా వాటా 1.20. ఆ 1.20 కొఱకు జరిగిన తగవు మన మెఱిగినదే. ప్రమాణపత్రముపై ధ్రువీకరించిన అధికారి సంతకమున్నది గాని ముద్ర లేదు, అట్టి వోటు చెల్లునా చెల్లదా యని హైకోర్టు దాక, ఆపై లెక్కింపునకు ముందుదినమున సుప్రీంకోర్టు దాక పోయిరి. సుప్రీంకోర్టు జోక్యము చేసికొనలేదు. ఆ వోట్లు లెక్కకు వచ్చినవి. ముద్ర వేయనివాడు అధికారి. ఓటు పోవుట ఉపాధ్యాయునిది!

ఇంతవఱకు చెప్పినది వోటు వేయు మార్గమున్నవారిని గూర్చి. ఏ మార్గమును లేనివారి మాటయో? పాలమూరు నుండి గుంపులు గుంపులుగా పోయి పుణె, బొంబాయిలలో మట్టి మోయువారు, శ్రీకాకుళము నుండి పోయి గుజరాతులోని వేరావల్ రేవున పడవలెక్కు మత్స్యకారులు సిపాయిలు గారు, ఉద్యోగులు గారు, ఎనుబదియైదేండ్ల వృద్ధులు గారు. వారికి తపాలా లేదు. ఊరికి వచ్చి వేయవలెను, రానిచో లేదు. 2024 మే 13కు ముందు రెండు దినములు హైదరాబాదు నుండి విజయవాడ పోవు దారి వాహనములతో నిండి టోలుగేట్ల వద్ద నిలిచిపోయినది. ఎంత ఉత్సాహమని పత్రికలు వ్రాసినవి. ఉత్సాహము నిజమే, కాని ఆ దారిని పోయినవాడు టికెట్టు కొనగలిగినవాడు. కొనలేనివానికి బస్సు ఎవరు పెట్టిరి? బస్సు పెట్టినవాడు ఊరక పెట్టునా? గల్ఫు దేశములలో నున్న కరీంనగరు, నిజామాబాదు జిల్లాలవారి సంగతి మఱియు దూరము. 2010 నాటి సవరణతో ప్రవాసులకు వోటుహక్కు వచ్చినది. వచ్చి స్వయముగా వేసికొమ్మనినది. 2024లో దేశమంతట పేర్లు నమోదు చేసికొనిన ప్రవాసులు లక్షా పందొమ్మిది వేలకు పైగా. వచ్చి వేసినవారు మూడు వేల లోపు. అందులోను ఎక్కువ మంది కేరళీయులు.

వీరందఱికి తపాలా నిండు అని సలహా చెప్పు మిత్రులు నాకున్నారు. మనసు మంచిదే. కాని నలుబది మంది కూలీలున్న గుడారములకు నలుబది కవరులు వచ్చినవనుకొందము. అవి ఎవరి చేతికి వచ్చును? గుంపు మేస్త్రీ చేతికి. బయానా యిచ్చి తెచ్చినవాడు, కూలి లెక్క వ్రాయువాడు, ఊరికి ఉత్తరము వ్రాసి పెట్టువాడు, అన్నియు అతడే. నలుబది కవరులును ఆ రాత్రియే అంటుకొని మఱునాడు తపాలాలో పడును, ఒక్కటియు చెల్లకపోదు. వోటు లేకపోవుట కంటె అది మేలా? నేను చాలదినములు ఆలోచించితిని. మేలు గాదని నా తీర్మానము. లేని వోటును రేపు అడిగి తెచ్చుకొనవచ్చును. మేస్త్రీ చేతిలో పడిన వోటు ఉన్నట్లే లెక్క గనుక దానిని గూర్చి అడుగుటకు గూడ వీలుండదు.

వారికి కావలసినది కవరు గాదు, ఆ ఊరిలోనే ఒక అట్టతెర. ఎన్నికల సంఘము ఇట్టి ఆలోచనతోనే డెబ్బదిరెండు నియోజకవర్గముల వోట్లను ఒకే చోట తీసికొనగల యంత్రమును చేయించి 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టినది. పార్టీలు సందేహములు లేవదీసినవి. వలస వచ్చినవాడెవడని ఎట్లు తేల్తురు? పరరాష్ట్రములో మా ఏజెంటు ఎచటనుండి వచ్చును? అచట ఎన్నికల నియమావళి ఎవరు నడుపుదురు? ఇవి దొంగ ప్రశ్నలు గావు; మూడవది నిజముగా చిక్కైనదే. కాని ప్రశ్నలు వేసినవారు జవాబులు వెదకు పనికి మాత్రము పూనుకొనలేదు. ఆ యంత్రము ఏ ఎన్నికలోను వాడబడలేదు. పరరాష్ట్రములో దిక్కులేని పదిమందికి ఏజెంటును పంపుటకు ఖర్చు దండుగయని తలచు పార్టీయే, ఆ పదిమందిని ఊరికి తెచ్చుటకు బస్సుకు డీజిలు పోయించుటకు వెనుకాడదు. గిర్ అడవిలోని ఒక్కని కొఱకు కేంద్రము పెట్టగలిగిన దేశమునకు, వేరావల్ రేవులో వందలమంది తెలుగువారికి ఒక గది చూపుట శక్తికి మించిన పని యని నేను నమ్మను.

మా అమ్మకు ఇప్పుడు తొంబది దగ్గఱపడినది. ఈ వ్యాసము వ్రాయుచున్నానని తెలిసి, “ఈసారి ఆ ఫారం నింపకు” అన్నది. బడి మా యింటికి నాలుగువందల గజములు. మధ్యను ఒక కాలువ, దానిపై మెట్లున్న చిన్న వంతెన. చక్రముల కుర్చీ ఆ మెట్లెక్కదు. మోయుటకు ఇద్దఱు మనుష్యులు కావలెను. తమ్ముడును నేనును చాలుదుమని లెక్క వేసికొంటిమి. బడి గుమ్మము దాటిన తరువాత మమ్ములను వెలుపలనే ఆపుదురు.